అంకుశం కోసం వేట

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడాడని మనవాళ్ళు వెక్కిరిస్తారు. ఇంగ్లండులో పాతకాలపు స్పోర్ట్సు కార్లు కొని బాగుచేసుకునేవారి అవస్థ దీనికి తలకిందులు. వాళ్ళు డబ్బుకు వెనకాడరు. అంకుశమే దొరకదు!

ఉదాహరణకు యం.జి. కంపెనీవారి టి.సి. కారునే తీసుకోండి. ఆక్స్‌ఫర్డుకు దగ్గర్లో ఆబింగ్డన్ అనే చిన్న వూళ్ళో, 1945 నుంచి 1949 వరకు దాదాపు 10,000 కార్లు తయారయినాయి. ఇద్దరు పట్టే బండి. సైకిలుకు మల్లే ఊచలున్న ఎత్తయిన సన్నపాటి చక్రాలు. పైరేకు కింద కర్రచట్రం. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. కారుకు పుట్టిల్లు లేకుండా పోయింది.

ఇక దాని ఇంజనులో ఒక బోల్టు పోయిందనుకోండి. బోల్టేగదా, ఏ కొట్లోనయినా దొరుకుతుందంటారేమో! ఆ బోల్టు తల ఇంగ్లీషువారి విట్‌వర్త్ కొలత, అంగుళాల లెక్క. ఒంటిమీది మరచుట్లు మాత్రం ఫ్రెంచివారి మిల్లీమీటర్ల లెక్క. తల ఒకరిది, మొండెం మరొకరిది. మన వినాయకుడి సంగతే అనుకోండి!

ఈ వింతకు మూలం ఒక యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి తుపాకుల కంపెనీ, తమ కార్ఖానా జర్మనుల చేత చిక్కుతుందేమోనన్న భయంతో, 1915లో ఇంగ్లండులోని కోవెంట్రీలో మరో కార్ఖానా పెట్టింది. యుద్ధం అయిపోయాక తుపాకులకు గిరాకీ తగ్గి, కార్ల ఇంజన్లు చేయసాగింది. 1923లో మారిస్ కార్లవారు దాన్ని కొనేశారు. యంత్రాలన్నీ మిల్లీమీటర్లలో చుట్లు కోసేవే. వాటిని పారేసి కొత్తవి తేవాలంటే ఖర్చు తడిసి మోపెడు. బోల్టు తల ఒక్కటీ ఇంగ్లీషు మెకానిక్కుల పానాలకు పట్టేటట్టు చేస్తే చాలునని సర్దుకున్నారు. టి.సి. ఇంజను ఆ వంశంలోదే.

నేడు కొట్లో దొరికే మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.25 మిల్లీమీటర్లు. టి.సి. ఇంజనులోని అదే లావు బోల్టుకు 1 మిల్లీమీటరే. కొట్టు బోల్టు పెట్టి తిప్పితే ఒకటి రెండు చుట్లు ఒద్దికగానే దిగుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. అక్కడ ఆగక బలం చూపితే లోపలి చుట్లు కాస్తా చెడి వూరుకుంటాయి. అర్ధణా బోల్టు కోసం ఇంజనుకే చేటు!

అందుకే వీళ్ళు సెప్టెంబరు ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు. హాంప్‌షైరులోని బ్యూలీ గ్రామంలో 1967లో మొదలయిన పాత కారు సామాన్ల సంత ఆ నెలలోనే. తుప్పుపట్టిన కార్బురేటర్లు, సొట్టలుపడ్డ దీపాలు, పేరయినా తెలియని ఇనపముక్కలు గుట్టలుగా పోసి వుంటాయి. కొనేవాడు జేబులో పాతముక్క నమూనా, చేతిలో కొలతపనిముట్టు పెట్టుకుని గుట్ట గుట్టకూ వంగి చూడవలసిందే. తాటాకులో పురుగు తినేసిన ఒక్క అక్షరం కోసం ఊరూరా ప్రతులు వెదికిన మన పండితులు నాకు జ్ఞాపకం వస్తారు. అమ్మేవాడికి తన సరుకేమిటో తెలియకపోతే చవక. తెలిస్తే ఇక చెప్పనక్కరలేదు.

ఈ వేటలో ఒక ప్రమాదమూ వుంది. డెబ్బయి యేళ్ళనాటి రబ్బరు బ్రేకు గొట్టం, ఎవరూ వాడనిది, కంపెనీ అట్టపెట్టె చెక్కుచెదరకుండా ఒక్కోసారి చేతికి చిక్కుతుంది. అచ్చంగా ఆనాటి సరుకే కావాలని పట్టుబట్టేవారికి అదొక పెన్నిధి. కాని రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలి తగిలి బిరుసెక్కి, పగుళ్ళిస్తుంది. టి.సి. బ్రేకులు గొట్టాల్లోని నూనె ఒత్తిడితో పనిచేసేవి. నాలుగు చక్రాలకూ ఆధారం ఒక్కటే. కొండ దిగేటప్పుడు ఒక గొట్టం చిట్లిందా, నాలుగింటికీ బ్రేకు పోయినట్టే.

ఇక్కడ నాకేమీ సందేహం లేదు. దీపాలూ, బోల్టులూ, వేగం చూపే గడియారమూ ఎంత పాతవయితే అంత ముచ్చట. బ్రేకు రబ్బరు మాత్రం కొత్తగా చేసినదే వేయాలి. వాటిని చేసి అమ్మేవారు ఇంగ్లండులో వున్నారు కూడాను. ఆ పాత గొట్టం మీద మరీ అంత మోజుంటే, అట్టపెట్టెతో సహా ముందుగది అలమరలో పెట్టుకుని, చుట్టాలు వచ్చినప్పుడు చూపించుకోవచ్చు.