తర్వాతి ఊళ్లో తెరుచుకుంటుందా?

మా పక్క క్వార్టర్‌లో ఉండే తాతగారు కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారంలో చేరారు. ఆయన కబుర్లు ఎంత విన్నా తరగవు. పోయిన వేసవిలో నేనూ నా మిత్రుడూ వాటిని వీడియో తీశాం. బొమ్మ కోసం ఒక ఫోను స్టాండు మీద పెట్టాం. ఫ్యాను రొద మాటను మింగేయకుండా ఇంకో ఫోను ఆయన చొక్కా జేబులో పెట్టాం. ఇక బొమ్మనూ మాటనూ కంప్యూటర్లో కలపాలి.

ప్రకటన చూసి పేరున్న సాఫ్ట్‌వేర్ ఒకటి కొద్ది రోజుల ఉచిత వాడకానికి దించుకున్నాం. చక్కగా కలిసింది. ఇంతలో మిత్రుడి నాన్నగారికి విశాఖపట్నం బదిలీ అయింది. సామానుతో పాటు కంప్యూటరూ వెళ్లింది. అక్కడ తెరిచేసరికి గడువు తీరిపోయింది, మా ప్రాజెక్టు తెరుచుకోలేదు. అసలు ఫైళ్లు నా పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే తాతగారి కబుర్లు పోయినట్టే.

అందుకే బదిలీల పిల్లలమైన మనం సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది "ఎన్ని హంగులున్నాయి?" అని కాదు, "తర్వాతి ఊళ్లో తెరుచుకుంటుందా?" అని. నా ఓటు కెడెన్‌లైవ్‌కి. ఉచితం, గడువు లేదు, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఒక ఆడియోను ఆధారంగా చూపిస్తే రెండోదాన్ని ధ్వని తరంగాలు పోల్చి తనే జరుపుతుంది. డావిన్చి రిజాల్వ్ ఉచిత రకం కూడా ఈ పని బాగా చేస్తుంది, కానీ మా ఇంటి పాత కంప్యూటరు దాన్ని మోయలేక ఆయాసపడింది. వీఎల్‌సీలో జె, కె మీటలు నొక్కితే మాట 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకో వెనక్కో జరుగుతుంది. అది చూసేటప్పటికే, ఫైలు మారదు. "క్రాక్ చేసింది వాడుకోవచ్చుగా" అనేవాళ్లు మన తరగతిలోనే ఉన్నారు. అది దొంగతనం. పైగా దాంతో వచ్చే వైరస్‌ను ఊరూరా మోసుకు తిరగాలి!

ఏ సాఫ్ట్‌వేరైనా సరే, దానికి మనం కొంత సాయం చేయాలి. సినిమా ప్రారంభోత్సవంలో ఎవరో పెద్దాయన క్లాప్ కొట్టారని వార్తల్లో వింటాం కదా, ఆ పలక అసలు పని ఇదే. అది టక్కున మూసుకున్న ఫ్రేమునూ ఆ శబ్దాన్నీ ఒకచోట చేరిస్తే మిగతాదంతా సర్దుకుంటుంది. పలక లేక నేను అరచేతులు గట్టిగా చరిచాను. "ఇంకా మొదలెట్టనే లేదు, అప్పుడే చప్పట్లేంటి బాబూ?" అన్నారు తాతగారు.

చివర్లో కూడా ఒకసారి చరచండి. ఫోన్లు సెకనుకు ఒకే లెక్కన ఫ్రేములు తీయవు. మొదట్లో కలిసిన మాట అరగంట తర్వాత పెదవుల కంటే వెనకబడవచ్చు. అలా జరిగితే ముందు హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకు మార్చుకోవాలి. వార్షికోత్సవంలో వెనక వరసలో కూర్చుని తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే వెళ్తుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో ఉంటే మాట సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. అంటే సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో రెండున్నర ఫ్రేములు.

ఈసారి పని కాగానే మామూలు ఎంపీ4 ఫైలుగా తీసి, అసలు ఫైళ్లతో కలిపి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టాను. ఒకటి విశాఖపట్నం వెళ్లింది.