నడుముకు కట్టే నమ్మకం

వేసవి సెలవులు దగ్గరపడగానే మన ఊళ్లలో కరాటే ఫ్లెక్సీలు లేస్తాయి. మున్సిపల్ గ్రౌండులో, అపార్ట్‌మెంట్ సెల్లారులో, బడి ఆవరణలో తెల్ల డ్రెస్సులు వేసుకున్న పిల్లలు బారులు తీరి గొంతు చించుకుని అరుస్తూ పంచ్‌లు విసురుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. నెల ఫీజు ఒకటి. డ్రెస్సుకు వేరే, మూడు నాలుగు నెలలకోసారి జరిగే బెల్టు టెస్టుకు వేరే, సర్టిఫికెట్టుకు వేరే, టోర్నమెంటు ఎంట్రీకి వేరే. బెల్టు రంగు ముదిరేకొద్దీ టెస్టు ఫీజూ పెరిగి, బ్లాక్ బెల్టు దగ్గరికొచ్చేసరికి వేలల్లోకి వెళ్తుంది. మాస్టర్లు అడుగుతున్నారు, అమ్మానాన్నలు కడుతున్నారు. ఇందులో తప్పేముంది అంటే, చాలావరకు ఏమీ లేదు. ఉన్నచోట మాత్రం అది చిన్న తప్పు కాదు.

విద్యను అమ్ముకుంటున్నారని మాస్టర్లను ఆడిపోసుకోవడం తేలిక. వాళ్ల బతుకు ఎలా గడుస్తోందో అడిగేవాళ్లు తక్కువ. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఒక పథకం ఉంది. బడికి నెలకు 5,000 రూపాయల చొప్పున మూడు నెలలు ఇస్తారు. మిగిలిన తొమ్మిది నెలలూ ఆ మాస్టరు ఇల్లు ఎలా నడవాలి? మోకాళ్లు అరిగేదాకా ఎగిరి దూకే ఈ వృత్తిలో పింఛను లేదు, దెబ్బ తగిలితే సెలవు జీతమూ లేదు. ఫీజు తీసుకోవడం ఆయన హక్కు.

నిజమే, తీసుకోనివాళ్లూ ఉన్నారు. కేరళలోని వడకరలో కళరిపయట్టు నేర్పే మీనాక్షి అమ్మ కళరిలో ఇంత అని ఫీజు లేదు, ఎవరికి తోచిన దక్షిణ వాళ్లు ఇస్తారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. జూడోను తీర్చిదిద్దిన జిగోరో కానో 1882లో టోక్యోలో ఒక గుడిలో పన్నెండు చాపల జాగాలో బడి పెట్టి, ఆ ఖర్చుల కోసం అనువాదాలు చేసేవాడు. ఒకినావా నుంచి 1922లో టోక్యో వచ్చిన గిచిన్ ఫునకోషికి అప్పటికే యాభై దాటాయి. విద్యార్థుల హాస్టల్లో కాపలా కాశాడు, గదులు ఊడ్చాడు, తోటపని చేశాడు, మిగిలిన వేళల్లో కరాటే నేర్పాడు. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు పాత టోపీ, చేనేత కిమోనో తాకట్టుకు తీసుకెళ్తే అనుకున్నదానికన్నా ఎక్కువే ఇచ్చారట. ఆ దుకాణంలోని గుమాస్తా తమ్ముడు తన దగ్గరే కరాటే నేర్చుకుంటున్నాడని ఆ తర్వాత తెలిసిందని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. చదివితే మనసు చెమ్మగిల్లుతుంది. అయినా ఆ పేదరికాన్ని చూపించి ఇవాళ్టి మాస్టరునూ బట్టలు తాకట్టు పెట్టుకోమనడం మర్యాద కాదు.

ఆ మాటకొస్తే, పాతకాలపు పద్ధతి అంత గొప్పదేమీ కాదు. మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడి రోజుల్లో కుస్తీకి, సాముకు సంస్థానాల అండ ఉండేది. ఊరి తాలింఖానా ఊరి చందాలతో నడిచేది. గురువు తిండి శిష్యుడి ఫీజు మీద ఆధారపడేది కాదు. అయితే ఆ గడప ఎవరు తొక్కాలో కులం, పెద్దరికం నిర్ణయించేవి. ఆడపిల్లకైతే అటువైపు చూపే లేదు. ఇవాళ డబ్బు కట్టగలిగితే చాలు, ఎవరి బిడ్డయినా బరిలోకి దిగొచ్చు. ఫీజు తెరిచిన ఈ తలుపును తక్కువ చేయకూడదు.

చిక్కంతా బెల్టు దగ్గరే ఉంది. తెలుపుకూ నలుపుకూ మధ్య ఇన్ని రంగులు వాడుకలోకి రావడం 1930లలో ప్యారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి చలవే అంటారు. ముందు మెట్టు కనిపిస్తుంటే నేర్చుకునేవాళ్లకు హుషారు. కానీ మెట్టు మెట్టుకూ ఒక క్యాష్ కౌంటరు వెలిసింది. ఏదైనా ఊళ్లో ఆదివారం ఫంక్షన్ హాల్లో జరిగే బెల్టు టెస్టు చూడండి. మూడో వరుసలో ఒక పిల్లాడు కటా (వరుసగా చేయాల్సిన కదలికలు) మధ్యలో మరిచిపోయి, పక్కవాడి కాళ్లు చూసుకుంటూ తిరుగుతాడు. తిరగాల్సింది ఎడమకైతే కుడికి తిరుగుతాడు. మాస్టరు గమనిస్తాడు. అయితే ఫీజు ముందే కట్టించుకున్నారు, హాలు అద్దె అందులోంచే పోవాలి, అమ్మానాన్నలు సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, సర్టిఫికెట్ల మీద పేర్లు కూడా రాసి ఉన్నాయి. పరీక్ష పెట్టేదీ, ఫలితం చెప్పేదీ, ఆ ఫలితం మీద బతికేదీ ఒకే మనిషి అయినప్పుడు అందరూ పాసే. బ్లాక్ బెల్టు ఎవరు ఇవ్వవచ్చో చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఒక సొసైటీ రిజిస్టరు చేయించి, పేరు చివర ‘ఇంటర్నేషనల్’ తగిలిస్తే చాలు.

సంగీతమో నాట్యమో అయితే ఇంత బెంగ అక్కర్లేదు. వీణ సరిగా రాని పిల్ల కచేరీలో తడబడితే పది నిమిషాలు చిన్నబోతుంది, ఇంటికెళ్లి మళ్లీ సాధన చేస్తుంది. నడుముకు బ్లాక్ బెల్టు ఉందన్న ధీమాతో, పరుగెత్తి తప్పించుకోవాల్సిన చోట నిలబడిపోయిన అమ్మాయికి రెండో అవకాశం దొరక్కపోవచ్చు. మాస్టరు ఆమెకు ఇచ్చింది ధైర్యం. ఆ ధైర్యం కల్తీదైతే దాని ఖరీదు ఆయన చెల్లించడు.

మణికట్టు పట్టు విడిపించుకోవడాన్నే తీసుకోండి. ఎదుటివాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందులోంచి చెయ్యి లాగేయాలి. చూపించడానికి రెండు నిమిషాలు పడుతుంది. స్టేజీ మీద తోటి పిల్ల మర్యాదగా పట్టుకుని మర్యాదగా వదిలేస్తుంది, చప్పట్లు మోగుతాయి. అదే పట్టు తనకన్నా బరువైనవాడు కసిగా బిగిస్తే? చాలాసార్లు చెయ్యి రాదు. రాదన్న సంగతి క్లాసులోనే, చాప మీదే ఆ పిల్లకు తెలియాలి. రానప్పుడు ఎలా కేక పెట్టాలి, ఎటు పరుగెత్తాలి అన్నదీ పాఠంలో భాగమే. దీనికి ఓపిక కావాలి, ఫొటోకు పనికిరాదు. మధ్యలో చెక్కముక్కలు పెట్టి పేర్చిన పెంకులు పగలగొట్టడం, చేతుల మీంచి బైకు నడిపించుకోవడం ఫొటోకు పనికొస్తాయి. వాటికే సమయమంతా పోతోంది.

అలాగని మాస్టరు ఒక్కడిదే తప్పు అనలేం. ఏడాదిలో బ్లాక్ బెల్టు వస్తుందా అని బేరమాడేది తల్లిదండ్రులే. ఈసారికి కాలేదు, ఇంకో ఆరు నెలలు ఆగమన్న మాస్టరును వదిలేసి పక్కవీధి క్లాసుకు మార్చేదీ వాళ్లే. నిజం చెప్పినందుకు పదిమంది పిల్లలు తగ్గిపోతే ఆ నెల సెల్లారు అద్దె ఎవరు కడతారు?

అందుకే డబ్బు వచ్చే దారిని కొంచెం మారిస్తే మేలు. బెల్టు టెస్టు ఫీజు తీసేసి, ఆ మొత్తాన్ని నెల ఫీజులోనే కలపవచ్చు. అప్పుడు పిల్లాణ్ని ఆపినా మాస్టరు జేబుకు చిల్లు పడదు, అదే బెల్టుతో ఇంకో ఆరు నెలలు సాధన చేయమని నిర్మొహమాటంగా చెప్పగలడు. టెస్టుకు వేరే బడి మాస్టరును పిలిచి, పాసైనా ఫెయిలైనా ఆయనకు దారి ఖర్చులే ఇస్తే ఇంకా మంచిది. ఈ వేసవిలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు బ్లాక్ బెల్టు ఎన్నాళ్లకు వస్తుందని అడగడం మానేసి, కిందటి టెస్టులో ఎంతమందిని ఆపారని అడగాలి. ఆపినవాళ్లు ఎవరో, ఎందుకు ఆపాడో మాస్టరు తడుముకోకుండా చెప్పగలిగితే, ఆయన అడిగిన ఫీజు బేరమాడకుండా కట్టవచ్చు.