ఏకబిగిన చదివించకపోతే ఏమైంది?

తెలుగులో నవలా సమీక్ష రాయడం చాలా తేలిక. సగం కథ చెప్పి, చివర్లో ‘ఏకబిగిన చదివించింది’ అంటే పనైపోతుంది. నచ్చకపోతే ‘చదివించే గుణం లేదు’ అంటారు. నా తగాదా ఈ రెండో మాటతోనే. చదివించే బాధ్యతంతా నవలదేనా? చదవడమనే పని మనకేమీ లేదా?

1969లో వచ్చిన ‘అంపశయ్య’నే తీసుకోండి. ఉస్మానియా యూనివర్సిటీలో రవి అనే కుర్రాడి ఒక్క రోజు, వాడి బుర్రలోంచి. ఆ పుస్తకం పేరు రచయిత నవీన్‌కి ఇంటిపేరైపోయింది. పేరు వినని సాహిత్య పాఠకుడు లేడు, పూర్తిచేసినవాణ్ణి మాత్రం వెతుక్కోవాలి. నాకు నెలన్నర పట్టింది, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రికి ఆరేడు పేజీల చొప్పున. మొదటి వారం ఒకటే చిరాకు. ఎదురుగా జరిగేదాంట్లోంచి జ్ఞాపకంలోకి, అందులోంచి పగటికలలోకి జారిపోతుంటే పట్టు దొరకదు. తర్వాత్తర్వాత అర్థమైంది: కథ కదలట్లేదనిపించిన చోటల్లా లోపల ఒకే దిగులు వేషాలు మార్చుకుంటోంది. చేతిలో డబ్బు లేదన్న సిగ్గు అమ్మాయిల గురించిన ఊహల్లోకి దూరుతుంది, ఊరి జ్ఞాపకాల్లోకి పాకుతుంది. ఒక్క రాత్రిలో లాగించేస్తే ఇది కనపడేది కాదు.

ఆ రోజుల్లోనే పియానో మీద గ్లెన్ గౌల్డ్ వాయించిన బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ కూడా వింటున్నాను. ముందు ఒక ఏరియా, దాని మీద 30 వేరియేషన్లు, ఆఖర్న మళ్ళీ అదే ఏరియా. కొత్తగా వినేవాడు మొదటి రాగం కోసం ప్రతి ముక్కలోనూ వెతుకుతాడు. దొరకదు. అన్నిటినీ కలిపేది పైన వినిపించే రాగం కాదు, కింద ఎడమచేతి వైపు నడిచే బేస్. చెవి అక్కడికి దిగడానికి రోజులు పడుతుంది. గౌల్డ్ దీన్ని 1955లో ఒకసారి, 1981లో మరోసారి రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. రెండోసారి కొన్ని భాగాలు తిరిగి వాయించాడన్నది నిజమే. కానీ మొదటి ఏరియా ఒక్కటే విని చూడండి: అవే స్వరాలు, అప్పుడు రెండు నిమిషాల లోపు, ఇప్పుడు మూడు నిమిషాలు. తను వాయించినదాన్నే పాతికేళ్ళ తర్వాత నెమ్మదిగా వాయించాలనిపించింది ఆయనకి. మనకేమో నవలకి ఒకటే స్పీడు, బస్సు దిగేలోపు అయిపోవాలి!

‘మన పాఠకుడికి ఇవన్నీ ఎక్కవండీ’ అనేవాళ్ళంటే నాకు ఇంకా ఒళ్ళుమంట. ఎవరు బాబూ ఆ మన పాఠకుడు? నేను నరసరావుపేట వాణ్ణి. ఇంటర్లో మా బ్యాచ్ ఇరోడోవ్ ఫిజిక్స్‌లో ఒక్క లెక్క పట్టుకుని సాయంత్రమంతా కూర్చునేది. ఆ పుస్తకానికి చదివించే గుణం లేదని ఎవడూ అనలేదు. ర్యాంకు కోసమైతే ఎంత కష్టమైనా ఎక్కుతుంది, సాహిత్యానికొచ్చేసరికే నీరసం.

పోనీ, చదువుకున్నవాళ్ళ సంగతి వదిలేద్దాం. మా పల్నాడులోనే కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, మొత్తం ఐదు రోజులు. వీరవిద్యావంతులు కథ పాడతారు. బాలచంద్రుడు చచ్చిపోతాడని అక్కడ చంటిపిల్లాడికీ తెలుసు. తర్వాతేం జరుగుతుందోనన్న ఉత్కంఠ ఎంతమాత్రం లేదు. అయినా ఏటా వస్తారు, కూర్చుంటారు, వింటారు. వీళ్ళ ఓపిక గురించా హైదరాబాదులో కూర్చుని తీర్పులిస్తున్నది?

కష్టంగా ఉన్న ప్రతిదీ గొప్పదని నేననట్లేదు. చేతకాక గజిబిజిగా రాసేసి ‘చైతన్య స్రవంతి’ అని బోర్డు తగిలించినవి బోలెడున్నాయి. రోజూ పక్కవాళ్ళు రాసిన కోడ్ చదువుకుని బతికేవాణ్ణి. నిజంగా చిక్కైన సమస్య వల్ల చిక్కుపడ్డ కోడ్‌కీ, రాసినవాడి బద్ధకం వల్ల చిక్కుపడ్డదానికీ తేడా నాకు తెలుసు. ఆ తేడా మొదటి పది లైన్లలో మాత్రం తెలియదు.

కాబట్టి సమీక్షకులకి ఒక్క విన్నపం. ఈసారి ‘చదివించలేదు’ అని రాసేటప్పుడు ఎన్నో పేజీలో ఆగిపోయారో, అక్కడ ఏ వాక్యం కాలికి అడ్డం పడిందో, మళ్ళీ ఎన్నిసార్లు ప్రయత్నించారో కూడా రాయండి. ‘అంపశయ్య’తోనే మొదలుపెట్టినా సరే.