తీరవాసుల యిండ్లు – భీమా

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సముద్రము విరుచుకొని పడినప్పుడు పదివేల ప్రాణములకు తక్కువగాక పోయినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునొద్ద తీరము దాటినది. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్లకడను, 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా నరసాపురము చేరువను తీరమెక్కినవి. ఈ యిటీవలి తుపానులలో ప్రాణనష్టము దివిసీమతో పోల్చదగినది కాదు. వాతావరణశాఖ ముందుగా హెచ్చరించుచున్నది. అధికారులు జనులను ఆశ్రయభవనములకు జేర్చుచున్నారు. ఇది సామాన్యమైన విజయము గాదు. కాని మరునాడు ఆశ్రయమునుండి తిరిగివచ్చిన గృహస్థునకు ఇల్లేది? మనుష్యులను తరలింపవచ్చును, ఇండ్లను తరలింప శక్యమా?

తుపాను వెలిసిన వెంటనే మనవారి చూపు సర్కారుపై బడును. సర్కారు ఇచ్చునదెంత? 2022 మొదలు 2026 వరకు కేంద్రము నిర్ణయించిన సహాయ నిబంధనలలో మైదానప్రాంతమున పూర్తిగా గూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా యిల్లు కొంత దెబ్బతినినచో 6,500. అదియైనను నూటికి పదునైదు పాళ్లకు తక్కువగాక చెడినప్పుడే. గుడిసె పోయినచో 8,000. ఇంటి పైకప్పు లేచిపోయి, గోడలు నాని, తలుపులు ఊడినవాడు ఆ 6,500 రూపాయలతో ఏది కొనవలెను, ఏది మానవలెను? ఈ సొమ్మును మేము హేళన చేయుటలేదు. అది ఆపత్సహాయము, దానికి ఆ పేరే చెల్లును. దానిని పరిహారమని భ్రమపడుటయే పొరపాటు. సహాయమును అర్థింపవలెను, జాబితాలో పేరున్నదో లేదో పలుమారు విచారించుకొనవలెను. భీమా సొమ్ము అట్టిది గాదు. అది రుసుము చెల్లించి సంపాదించుకొనిన హక్కు.

2021 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున సాధారణ భీమా వ్యాపారము చేయు కంపెనీలన్నియు ఇండ్లకు ‘భారత్ గృహ రక్షా’ యను ఒకే తీరు పాలసీని అమ్మవలెనని భీమా నియంత్రణ సంస్థ శాసించినది. అగ్ని, పిడుగు, భూకంపము, గాలివాన, తుపాను, వరద, ఉప్పెన, అల్లర్లు, అన్నియు ఇందులో నొక్క పత్రములోనే యిమిడియున్నవి. ఇంటికి భీమా చేసినచో, లోపలి సామానుల జాబితా యియ్యకున్నను, ఇంటి మొత్తములో అయిదవ వంతు, పది లక్షలకు మించకుండ, సామానులకు తానుగా వర్తించును. ఇల్లు నివాసయోగ్యము గాక అద్దెయింట నుండవలసి వచ్చినచో ఆ అద్దెయు లభించును. పూర్వము ఇరువది లక్షల యింటికి పది లక్షలకే పాలసీ తీసికొనినవానికి ఏ నష్టము వచ్చినను సగమే చెల్లించెడివారు. ఈ పాలసీలో ఆ కోత లేదు. పక్కా యింటికి దీని రుసుము ఏడాదికి ఒక కుటుంబము సెల్‌ఫోనుకు పెట్టు ఖర్చును మించుట యరుదు.

ఇచ్చట పరదేశపు సంగతి యొకటి చెప్పుట అప్రస్తుతము గాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము మనవలెనే తుపానుల పాలబడిన తీరము. మన తెలుగువారును అక్కడ ఇండ్లు కొని యున్నారు. అక్కడి సాధారణ గృహభీమా వరదకు వర్తింపదు. అందుకు వేరు పాలసీ కావలెను. తుపాను నష్టములో మొదటి భాగము, ఇంటి భీమా మొత్తములో నూటికి ఇన్నిపాళ్లని, గృహస్థుడే భరింపవలెను. ఇల్లు గాలికి గూలినదా, నీటికి గూలినదా యని వాదములు పెరుగుచుండును. మనకు గాలియు నీరును ఒక్క పత్రములోనే యున్నవి. ఇంత సులభమైన వస్తువును మనవారు కన్నెత్తి చూడకుండుట మాకు వింతగా నున్నది.

చూచినవారైనను సరిగా చూచుచున్నారా? బ్యాంకులో ఇంటి అప్పు తీసికొనునప్పుడు కాగితముల దొంతరలో నొక భీమా కాగితముపై సంతకము చేయుదురు. అప్పు పదునైదు లక్షలైనచో భీమాయు పదునైదు లక్షలకే. అది బ్యాంకు సొమ్మును కాపాడునే కాని ఇంటిని తిరిగి నిలబెట్టునా? మరికొందరు నగరములలో స్థలము ధరను గూడ జేర్చి కోటి రూపాయలకు భీమా వ్రాయించుకొందురు. తుపాను స్థలమును ఎత్తుకొని పోదు గదా! భీమాకు లెక్కగట్టవలసినది ఆ వైశాల్యమున ఆ ఇంటిని నేటి ధరలకు మరల గట్టుటకగు ఖర్చు మాత్రమే. దీర్ఘకాలపు పాలసీ తీసికొనినచో ఆ మొత్తము ఏటేట నూటికి పది చొప్పున పెరుగు ఏర్పాటును గలదు. నష్టము జరిగినపిమ్మట ఆలసింపక కంపెనీకి తెలుపవలెను. శిథిలములను తొలగింపకముందే ఛాయాచిత్రములు తీయించుకొనవలెను. కంపెనీ ఒక మాసములోగా బదులీయకున్నను, అన్యాయముగా నిరాకరించినను, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే ఫిర్యాదు చేసికొనవచ్చును. ఈ సదుపాయ మొకటి యున్నదని పల్లెలలో నెందరెరుగుదురు?

ఇంతవరకు పాలసీని మెచ్చితిమి. ఇక మెచ్చరాని చోటునకు వచ్చుచున్నాము. కాకినాడ చెంత ఉప్పాడ తీరమున సముద్రము ఏండ్ల తరబడి ఊరిని కోయుచున్నది. ఒక్క తుపాను చేసిన పని గాదది. అమావాస్యకు కొంత, పున్నమికి కొంత, అల్పపీడనమునకు మరికొంత. వీధి తరువాత వీధి పోయినది. నేడు వెనుక వరుసలో నున్న యిల్లు రేపు ముందు వరుసకు వచ్చును. ఈ ఇండ్లవారు ‘భారత్ గృహ రక్షా’ పాలసీని తీసికొన్నారనుకొందము. భూమి క్రుంగుటను, కొండచరియ విరుగుటను పాలసీ యొప్పుకొనును. కాని ఆ వాక్యము క్రిందనే సముద్రపు కోత, నదీకోత వర్తింపవని స్పష్టముగా వ్రాసియున్నది. ఉప్పెన ఒక్క రాత్రి యిల్లు గూల్చినచో సొమ్ము వచ్చును. అదే సముద్రము పదియేండ్లు పునాదిని తొలిచి గూల్చినచో రాదు. పునాది సగము తొలచియున్న యింటిని తుపాను రాత్రి అల యొకటి పడగొట్టినచో, ఆ నేరము ఏ అలది? సర్వేయరు ఒక విధముగా వ్రాయును. జాలరి మరియొక విధముగా చెప్పును. కాగితము ఎవరి చేతిలో నున్నదో వారి మాటయే నెగ్గుట లోకరీతి.

కంపెనీల వాదమును మేమెరుగుదుము. రావచ్చునో రాదో తెలియని యాపదకే భీమా. వచ్చి తీరునని తెలిసినదానికి భీమా లేదు. వ్యాపారన్యాయమున ఈ మాట సరియే. అట్లయినచో ఆ భారము ఎవరిది? వ్యాపారము విడిచిన దానిని రాజ్యము స్వీకరింపవలెను. పదునైదవ ఆర్థికసంఘము 2021–26 కాలమునకు కోత నివారణకై 1,500 కోట్లు, కోతవలన నిర్వాసితులైనవారి పునరావాసమునకై 1,000 కోట్లు ప్రత్యేకముగా సూచించినది. ఇవి యావద్భారతపు తీరములకును నదీతటములకును గలిపి. వేయి కిలోమీటర్ల చేరువగా తీరము గల మన రాష్ట్రము తన వంతును అడిగినదెంత, పొందినదెంత, ఉప్పాడకు జేర్చినదెంత? ఈ లెక్కను శాసనసభ్యులు సభలో అడిగి రాబట్టవలెను.

గుడిసెవారి సంగతి మరియొకటి. తాటాకు కప్పును కంపెనీలు కచ్చాకట్టడముగా లెక్కించును. పోరంబోకు నేలపై నున్న జాలరికి పట్టా యుండదు. హక్కు చూపలేనివాడు పాలసీ కొనుట యెట్లు? వీరిని ఒక్కొక్కరిగా ఏజెంట్లకు అప్పగించుట వ్యర్థము. 2024లో నాగాలాండు ప్రభుత్వము తన ప్రజలందరి పక్షమున నొక భీమా యొడంబడిక చేసికొన్నది. నిర్ణీతమైన కొలతను మించి వర్షము గురిసినచో, సర్వేయరు వచ్చి యిల్లిల్లు చూడనక్కరలేకుండ, సొమ్ము ప్రభుత్వమునకు జేరును. కొండలలోని చిన్న రాష్ట్రము చేయగలిగినది, గాలివేగమును గంటగంటకు కొలుచుచున్న మన తీరమున చేయరాదా? వర్షమునకు బదులు గాలివేగమును, ఉప్పెన యెత్తును కొలతగా బెట్టుకొనవచ్చును.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన మచిలీపట్నమును ముంచి ముప్పదివేలమందిని బలిగొన్నది. ఆ పట్టణముననే 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని గూడ స్థాపించిరి. మన సొమ్ము మన ఆపదలకు నిలువవలెనని ఆ తరమువారు తలచిరి. 1973 జనవరి 1 నుండి సాధారణ భీమా జాతీయమైనది. పిమ్మట ప్రైవేటు కంపెనీలును ప్రవేశించినవి. యాజమాన్యము ఎన్నిమారులు మారినను, కోస్తా గృహస్థుడు మాత్రము ఆ వాకిటనే యెక్కలేదు.

ఎక్కకుండుటకు సర్కారును కొంత కారణము. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల జీవిత భీమాకు, ఆరోగ్య భీమాకు వస్తుసేవల పన్ను తీసివేయబడినది, సంతోషము. కాని గృహభీమాకు నూటికి పదునెనిమిది యట్లే నిలిచినది. తుపాను తరువాత సహాయము పేర ఖజానా తెరచు సర్కారు, తుపానుకు ముందు జాగ్రత్త పడువానిపై పన్ను వేయుట యే నీతి? ఈ పన్నును తీరజిల్లాల ఇండ్లకైనను తొలగింపుమని మన ప్రభుత్వము పన్నుల మండలిలో పట్టుబట్టవలెను. గ్రామ సచివాలయములలో ఇండ్ల పట్టికలు సిద్ధముగానే యున్నవి. రాష్ట్రమే మొత్తముగా రుసుము గట్టి గుడిసెలను చేర్చవలెను. పక్కా యిండ్లవారు తమ వంతు తామే గట్టుకొందురు. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల ఋతువు. పత్రములు వేసవిలోనే సిద్ధము కావలెను.