డాలస్ శివార్లలో మనోళ్లు: 30 ఏళ్ల లోన్.. 60 రోజుల టెన్షన్!

అమెరికా వెళ్తే లైఫ్ సెటిల్ అనుకుంటాం. కానీ అక్కడ రోజు గడిచే తీరు చూస్తే సీన్ వేరు. మనవాళ్లు ఎక్కువగా ఉంటున్న టెక్సాస్‌లోని ఫ్రిస్కోనే తీసుకోండి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఈ సబర్బ్‌లో గుడి, ఇండియన్ గ్రోసరీ.. అన్నీ ఉన్నాయి. అయితే పాలు అయిపోయినా కారు తీయాల్సిందే!

ఇల్లు వెతికేవాళ్లు ముందు చూసేది స్కూల్ జోన్. పబ్లిక్ స్కూల్ సీటు అడ్రస్‌ను బట్టే మరి. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. కానీ స్కూళ్లకు నిధులిచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం గట్టిగానే పడుతుంది.

ఎక్కువ ఇబ్బంది హెచ్-4 వీసాపై వెళ్లిన భార్యలకే. 2015 నుంచి వీళ్లలో కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. కానీ భర్త గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ కొంత ముందుకు కదిలాకే ఆ ఛాన్స్. అప్పటిదాకా ఇక్కడ ఉద్యోగం చేసిన అమ్మాయి కూడా అక్కడ పిల్లల డ్రాప్, పికప్‌లకే పరిమితం.

భర్త హెచ్-1బీ జాబ్ పోతే? గడువు గరిష్ఠంగా 60 రోజులే. ఆలోగా కొత్త కంపెనీ దొరకాలి, లేదా వీసా స్టేటస్ మార్చుకోవాలి. రెండూ కుదరకపోతే దేశం వీడాల్సిందే. ఇంటి లోన్ మాత్రం 30 ఏళ్లు!

అందుకే ఫ్లైట్ ఎక్కేముందు జీతం ఒక్కటే కాదు.. గ్రీన్‌కార్డ్ ఎప్పుడు ఫైల్ చేస్తారో కూడా కంపెనీని అడగండి.