రాలిన ఆకులకు ఒక చోటు

శిశిరం వచ్చిందంటే మన వీధులలోని వేప, రావి, బాదం చెట్లు ఆకులు రాల్చుతాయి. వాటిని ఊడ్చి కుప్ప వేయడం, అగ్గిపుల్ల గీయడం అనేక బస్తీలలో నేటికీ ఆనవాయితీగానే ఉంది. ఆ పొగను ముందుగా పీల్చేది ఇరుగుపొరుగు ఇళ్ళలోని పసిపిల్లలు, ఉబ్బసంతో బాధపడే పెద్దలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించాయి. కాని కాల్చవద్దని చెప్పేటప్పుడు ఆ ఆకులు మరెక్కడికి చేరాలో కూడా మనం చూపగలగాలి.

బస్తీకంతటికీ కలిపి ఒక ఎరువు ఆవరణను నెలకొల్పుకోవడం ఇందుకు చక్కని మార్గం. అయితే ఉత్సాహంతో మొదలైన ఇటువంటి పని దుర్వాసన పుట్టగానే ఆగిపోయే ప్రమాదముంది. కనుక ఆకులు పోగుచేయడానికి ముందే ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది కాలం. ఎండుటాకులు వేసవి ముంగిట వస్తాయి. పచ్చగడ్డి వానాకాలంలో వస్తుంది. ఎరువు తయారీకి ఈ రెండూ కావాలి. ఎండుటాకులలో కర్బనం ఎక్కువ, పచ్చగడ్డిలో నత్రజని ఎక్కువ. కర్బనం 25 నుండి 30 పాళ్ళకు నత్రజని ఒక పాలు ఉన్నప్పుడు కుప్ప చక్కగా మాగుతుంది. రెండు మూడు గంపల ఆకులకు ఒక గంప పచ్చిక కలిపితే దాదాపు ఆ నిష్పత్తి కుదురుతుంది. కాబట్టి ఎండుటాకులను వానల వరకు నిల్వ ఉంచే చోటు అవసరం. అంతవరకు ఆగలేమనుకుంటే పచ్చికకు బదులు పేడనీళ్ళు చల్లవచ్చు.

రెండవది స్థలం. మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు, పది మీటర్ల పొడవుతో వాలుగా పేర్చిన కుప్పలో సుమారు 22 ఘనపు మీటర్ల ఆకు పడుతుంది. దాన్ని తిరగవేయడానికి పక్కన అంతే వెడల్పు ఖాళీ ఉండాలి. నేల కొద్దిగా వాలుగా, బావులకూ బోర్లకూ దూరంగా ఉండాలి. వేసవిలో నిప్పురవ్వ పడినా ప్రమాదమే గనుక నీటి వసతి తప్పనిసరి.

మూడవది నిత్య పర్యవేక్షణ. గుప్పెడు మిశ్రమాన్ని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. అసలు రాలకపోతే నీరు చాలలేదు; ధారగా కారితే ఎక్కువైంది. ఇనుప కడ్డీని కుప్ప నడుమ గుచ్చి కాసేపటికి తీస్తే చేతికి బాగా వేడి తగలాలి. లోపల 55 డిగ్రీలు దాటిన వేడి చాలావరకు కలుపు గింజలను, తెగులు క్రిములను నశింపజేస్తుంది. వేడి తగ్గినప్పుడల్లా కుప్పను తిరగవేయాలి. కుళ్ళిన గుడ్ల వాసన వస్తే గాలి అందడం లేదని అర్థం. వెంటనే తిరగవేసి ఎండుటాకులు కలపాలి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే పచ్చిక మోతాదు మించిందని తెలుసుకోవాలి.

ఏవి వేయకూడదో ఆవరణ ముందు పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టాలి. ప్లాస్టిక్, గాజు, పూత పట్టిన వయ్యారిభామ కలుపు, మాంసపు వ్యర్థాలు ఇందులో పడరాదు. బక్రీద్ దినాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. మాంసం పడితే కుక్కలు చేరి కుప్పను చెదరగొడతాయి. దుర్వాసనతో ఇరుగుపొరుగు విసిగిపోతారు.

ఇది కొత్త విద్య కాదు. 1924-31 నడుమ ఇండోర్‌లో ఆల్బర్ట్ హొవార్డ్, యశ్వంత్ వాడ్ మన రైతుల చెత్తాచెదారం, పేడలతోనే ఎరువు తయారుచేసే పద్ధతిని క్రమబద్ధం చేశారు. శ్రద్ధగా తిరగవేస్తే మూడు నాలుగు నెలల్లో ఆకులు నల్లని మెత్తని ఎరువుగా మారుతాయి. మరో నెల మాగనిచ్చి వాడుకోవాలి.

ఇక మిగిలింది బాధ్యత. అందరి పని ఎవరి పనీ కాకుండా పోతుంది. వారానికొకసారి కుప్పను చూసే ఇద్దరి పేర్లు ముందే నిర్ణయించుకుందాం. ఖబరస్తాన్, ఈద్‌గాహ్, మదరసా ఆవరణలలో చెట్లున్న ప్రతి బస్తీలోనూ ఈ శిశిరానికి ముందే పెద్దలు కూర్చుని స్థలం, నీరు, మనిషి అనే మూడింటినీ ఖాయం చేయాలని మా మనవి.