మనసు బాధను తెలుగులో వినే నర్సులు మన జిల్లాకు కావాలి

తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల తెలుగువారికి తమిళం రాదని ఎవరూ అనరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి సంతలో, బస్సులో, తాలూకా ఆఫీసులో తమిళం మాట్లాడుతూనే ఉన్నాం. ఇంట్లో మాత్రం తెలుగే. జ్వరం వస్తే డాక్టరుకు తమిళంలో చెప్పుకోగలం. మనసుకు జబ్బు చేసినప్పుడే చిక్కు.

"రాత్రంతా గుబులుగా ఉంటుంది, ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది, తిన్నది ఒంటికి పట్టదు" అని ఇంట్లో చెప్పే అవ్వ, ఆసుపత్రిలో తమిళంలో "నిద్ర రాలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. నిద్రమాత్ర రాసిస్తారు. అసలు బాధ ఆమెతోపాటు ఇంటికి తిరిగి వస్తుంది.

ఇది చిన్న సంగతి కాదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో తమిళనాడు కూడా ఉంది. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. మన ఇళ్లు దీనికి మినహాయింపు కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తాం, పెళ్లి చేస్తే సర్దుకుంటుందని అనుకుంటాం, బయటికి తెలిస్తే పరువు పోతుందని దాచిపెడతాం.

ఈ లోటు డాక్టర్లతోనే తీరదు. ఇంగ్లండులో 1954లోనే వార్లింగ్‌హామ్ పార్క్ ఆసుపత్రి తన నర్సులను రోగుల ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. మందు సరిగా వేసుకుంటున్నారా, ఇంట్లో ఎలా ఉన్నారు అని చూసి రావడం వారి పని. మన దేశంలోనూ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరుతోపాటు నర్సుకు చోటు ఉంది. 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగరు మందులు ఇంటి గడపకే వస్తున్నాయి. మనసు జబ్బుకూ ఆ విధంగా ఇంటికి వచ్చే మనిషి కావాలి.

ఆ మనిషి మన ఆడపిల్లే ఎందుకు కాకూడదు? నర్సింగు చదివిన పిల్లలు మన వీధుల్లో ఉన్నారు. బీఎస్సీ నర్సింగు 55 శాతం మార్కులతో పూర్తిచేసి, నర్సుగా రిజిస్టరు చేసుకుని, ఒక ఏడాది అనుభవం ఉన్నవారు రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగులో మానసిక ఆరోగ్య విభాగం తీసుకోవచ్చు. ఊళ్లలో చేసే సేవ కూడా ఆ చదువులో భాగమే. డిప్లొమా నర్సులకు ఇదే విభాగంలో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది.

మన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం రావడం లేదని సంఘం సభల్లో ఏళ్ల తరబడి బాధపడుతున్నాం. ఆ బాధ నిజమే. కానీ ఈ పనికి మాట్లాడే తెలుగు చాలు. అవ్వ చెప్పే 'గుబులు'ను ఎరిగి, దాన్ని డాక్టరుకు తమిళంలోనో ఇంగ్లీషులోనో సరిగ్గా చెప్పగల పిల్లకు రెండు భాషలూ అర్హతలే. చట్టం కూడా ఈ వైపే ఉంది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్సలోని లాభనష్టాలను రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. అర్థమయ్యే భాషలో చెప్పడం దయ కాదు, రోగి హక్కు.

అడ్డంకులు లేకపోలేదు. ఎమ్మెస్సీ చేసినవారిలో చాలామంది కాలేజీల్లో పాఠాలు చెప్పడానికో, విదేశాలకో వెళ్తారు. ఊళ్లలో తిరిగే ఉద్యోగాలు తక్కువ, జీతమూ అంతంత మాత్రమే. 'పిచ్చాసుపత్రి నర్సు' అంటే సంబంధాలు రావని తల్లిదండ్రుల భయం. మొదటి రెండూ ప్రభుత్వం తీర్చవలసినవి. మూడోది మన చేతుల్లోనే ఉంది.

కాబట్టి మనం చేయవలసినవి మూడు. జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో తెలుగు మాట్లాడే నర్సును నియమించి, తిరుత్తణి, పళ్లిపట్టు వైపు వారానికి ఒక రోజైనా పంపాలని కలెక్టరు గారికి సంఘాల తరపున వినతిపత్రం ఇవ్వాలి. తిరువళ్లూరు జిల్లాలో తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే గనుక ఇది న్యాయమైన కోరిక. ఉగాదికి మార్కుల కోసం ఇచ్చే బహుమతుల్లో కొంత తీసి, ఈ చదువుకు వెళ్లే పిల్లకు ఫీజు సాయం చేయాలి. ఇక ఇంటింటా టెలీమానస్ నెంబరు 14416 రాసి పెట్టుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఫోను ఈ రోజు అవసరానికి పనికొస్తుంది. కానీ నెల తర్వాత గడప దగ్గరికి వచ్చి "అవ్వా, మందు వేసుకుంటున్నావా?" అని అడగలేదు. అలా అడగగల పిల్లను చదివించే బాధ్యత మనది.